నేనన్న ‘కానీ’

203వ రోజు

మా పోలి దళపతి అయింది.

నా కూతురు గరికిన పోలేశ్వరి ఈ తెప్పలూరు కాపుదళం మొత్తానికి దళపతి అయింది. ఈ మాట ఇక్కడ రాయకూడదేమో. ఇది మాటదారు పుస్తకం, మా ఇంటి పుస్తకం కాదు. గాలి ఎటు వీచింది, పలుకుపెట్టె పనిచేస్తోందా, దళం ఏమైనా అడిగిందా, నేనేం చెప్పాను, అంతవరకే రాయాలని వరహాలమ్మ టీచరుగారు మొదటి రోజే చెప్పారు. ప్రతి శనివారం దీన్ని సభ వసారాలో బల్ల మీద పెడతారు. ఊళ్లో ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. అందుకని సిగ్గుగా ఉంది. అయినా చెయ్యి ఆగడం లేదు. మా పోలి దళపతి అయింది.

పొద్దున్న నేను మోకు పట్టుకుని పీకలోతు నీళ్లలో వేలాడుతూ మా ఇంటిని నీటి మీద తేల్చే డ్రమ్ములకు పట్టిన గుల్లలు గీకుతున్నాను. పైనుంచి మా ఆవిడ దాలమ్మ చెక్క మీద కాలితో తన్నింది.

“పైకి రా బేగి.”

“ఏటే, తెప్పకి కన్నం పడిందేటి?”

“నీ మొకానికి పడ్డాది కన్నం. పోలిని దళపతిని సేసినారంట. సభలో పేరు సదివీసినారు.”

నోరు తెరిచాను, ఉప్పునీళ్లు పోయాయి. దగ్గుతూ పైకి వచ్చి చెక్క మీద కూలబడి ఏడ్చాను. చదివింది ఐదో తరగతి. నలభై ఏళ్లుగా పగిలిన డ్రమ్ములకు అతుకులు వేసే పని. నా చేతుల మీద అన్నీ కాలిన మచ్చలే. ఆ చేతులతో ఎత్తుకున్న పిల్ల ఇవాళ మూడు వందల మందికి దళపతి.

“నువ్వు మాటదారువి, అది దళపతి. ఊరంతా మన సూరు కిందే ఉన్నాది,” అని దాలమ్మ నవ్వింది.

గాలి ఆగ్నేయం. పెట్టె బాగుంది. దళం ఏమీ అడగలేదు.

204వ రోజు

సంతోషం ఇంకా దిగలేదు. పొద్దున్న వాననీటి సంచులు కడుగుతూ తెలియకుండానే పాట అందుకున్నాను. పక్కింటివాళ్లు తొంగి చూశారు.

దాలమ్మ మాత్రం ఒకటే అడుగుతోంది.

“టీచరమ్మకి సెప్పీసినావా?”

“ఏటి సెప్పాలి?”

“ఏటేటి. నీకు పెట్టె ఇచ్చిన్నాడే సదివి ఇనిపించినారు కదా. దళంలో పెద్ద మన సొంత మనిసైతే నువ్వు దిగిపోవాల. మూడు రోజుల్లో నీ అంతట నువ్వే ఎల్లి సెప్పాల.”

“మూడు రోజులుందే.”

“ఉంటే కూకుంటావేటి?”

“ఒక్కపాలి పెట్టెలో దాని గొంతు ఇననియ్యి. తర్వాత నానే ఎల్తాను.”

“పెట్టెలోనే ఇనాలా? ఇంటికొచ్చి మాటాడితే నీకు సెవుడా?”

దాని ముందు గెలవడం నా వల్ల కాదు. అయినా నా మనసులో మాట రాస్తున్నాను. మా ఊరి ఒడంబడికలో మొదటి ముక్క ఇది: ఆయుధం దళం దగ్గర ఉంటుంది, మాట పౌరుడి దగ్గర ఉంటుంది. మోకులు కోసే కత్తులున్న దళం కోతపడవలకు తాళం వేసి ఉంటుంది. దళపతి పెట్టెలో కారణం చదవాలి. దళంలో ఏనాడూ పనిచేయని మనిషి, చీటీలో పేరు వచ్చిన మనిషి, ఏడాదిపాటు ఆ పెట్టె మెడలో వేసుకుని కారణం వినాలి, అడగాల్సినవన్నీ అడగాలి. అప్పుడు ఒప్పుకుంటే ‘కానీ’ అనాలి, ఒప్పుకోకపోతే ‘వద్దు’ అనాలి. ‘కానీ’ అంటే పెట్టె మీద పచ్చదీపం వెలిగి తాళం ఊడుతుంది. వల వదిలేటప్పుడు చివర నిలబడ్డవాడు ‘కానీ’ అంటేనే అందరూ చేతులు వదులుతారు కదా. ఊరు కట్టినవాళ్లు ఆ మాటే తెచ్చి ఒడంబడికలో పెట్టారు, చదువులేనివాడికి కూడా నోరు తిరగాలని.

ఈ ఏడు నెలల్లో దళం నన్ను నాలుగుసార్లు అడిగింది. రెండుసార్లు కానీ అన్నాను, రెండుసార్లు వద్దన్నాను. ఒకసారైతే పాత దళపతిని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ప్రశ్నలతో నిలబెట్టాను. “ఎర్రయ్యా, నువ్వు డ్రమ్ములకి కన్నాలు వెతికినట్టే నాకూ వెతుకుతున్నావు,” అన్నాడాయన. అది నాకు గొప్పగా ఉండింది.

ఇప్పుడు ఆ పెట్టెలో మా పోలి గొంతు వస్తుంది. ఒక్కసారి వినాలి.

గాలి ఆగ్నేయం.

206వ రోజు

ఇవాళ మూడో రోజు. వెళ్లలేదు.

సాయంత్రం వరహాలమ్మ టీచరుగారే మా ఇంటి మీదుగా వచ్చారు. ఒడంబడిక చూసే పెద్దావిడ, డెబ్బై అయిదేళ్లు, పిల్లవంతెన మీద చెయ్యి ఆనకుండా నడుస్తారు. మాటదారును దించే అధికారం ఆవిడకు లేదు, సభకు లేదు, దళానికి అసలే లేదు. నచ్చని మాటదారును ఎవరూ తోసేయకూడదని అలా రాశారట. తనంతట తాను దిగాలి.

“ఏమైనా చెప్పాలా ఎర్రయ్యగారూ?” అన్నారు.

“డ్రమ్ములండి టీచరుగారూ. ఈ ఏడు గుల్ల మరీ ఎక్కువగా పడుతోంది,” అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. “పెట్టె తెరిచి ఉన్నప్పుడు మాట జాగ్రత్త. వేరే అర్థంలో ‘కానీ’ అనొద్దు, ‘అయితే’ అనండి,” అని మొదటి రోజు చెప్పినదే మళ్లీ చెప్పి వెళ్లిపోయారు.

దాలమ్మ గిన్నెలు తోముతూ అంది: “ఆ పదకొండు రోజులు మరిసిపోయినావేటి? నీళ్ల మిసను దగ్గర దళపోళ్లు తుపాకులట్టుకుని నిలబడితే, నువ్వు బిందె పట్టుకుని ఆళ్లకి దండాలెట్టినావు. పోలి నా కడుపులో ఉంది. అందుకే కదా ఈ రూలు రాసినారు.”

“ఆ దళమూ మా పోలీ ఒకటేటే?”

“ఆళ్లకీ అమ్మా అయ్యా ఉండీవోళ్లే.”

గాలి మామూలు.

209వ రోజు

దక్షిణం మోకు విషయంలో దళం అడిగింది. కారణం విన్నాను. కానీ అన్నాను. పచ్చదీపం వెలిగింది. పని అయింది.

ఇసకపేట అనే ఇంకో తెప్పల ఊరు విరిగిపోతే అక్కడివాళ్లు పదహారు తెప్పల మీద కొట్టుకొచ్చి మన దక్షిణం మోకుకు కట్టుకున్నారు. ఆ మోకు అంత బరువు మోయదు. వాళ్ల కట్లు కోసి తెప్పలన్నిటినీ లంగరు మీద తేలే బయటి బోయకు చేర్చి కట్టడం దళం పని. పదిహేను చేరాయి. ఒకటి జారి కొట్టుకుపోయింది. దాని మీద ఐదుగురు ఉన్నారట.

మా తెప్పల వరసలోని వాళ్లంతా వచ్చారు. తండ్రి మాట, కూతురి చేత అని ఒకరు, ఇలాంటిది ఈ ఊళ్లో ఎన్నడూ లేదని ఒకరు. అందరికీ తీపి నాచుబిళ్లలు పంచాను.

గాలి వాయవ్యం, బలంగా ఉంది.

210వ రోజు

విచారణకు పిలిచారు. దళం చేతిలో మనుషులకు హాని జరిగితే మర్నాడే విచారణ, అది రివాజు. సభ గదిలో వరహాలమ్మ టీచరుగారు, ఇంకో ఇద్దరు సభ్యులు. పెట్టెలో నిల్వ ఉన్న మాటలు వినిపించారు. నా గొంతు నాకే పరాయిగా ఉంది.

టీచరుగారు ఒక ముక్క చదివారు. తప్పుడు మాట మీద దళం చేసిన పనిని ఊరు తిరిగి సరిచేయాలి, ఎంత దూరమైనా పడవలు పంపాలి. సరైన మాట మీద చేసినదైతే హద్దు దాటి వెళ్లినవాళ్లను వెతకడం సభ ఇష్టం. నిన్న దళపతి వచ్చి వెతకడానికి పడవలు ఇమ్మని సభను అడిగిందట. సగానికి పైన వద్దన్నారు. మన మనుషులు కారన్నారు.

“కనుక ఇప్పుడు మీరు చెప్పేదాని మీదే ఉంది,” అన్నారు టీచరుగారు. “మాటకు అర్థం మాటదారే చెప్పాలి. వేరే ఎవరూ చెప్పకూడదు. మీరు కానీ అన్నారా?”

“అన్నానండి.”

“ఆ తర్వాత ఇంకేమైనా అనబోయారా?”

“కానీ అన్నాను టీచరుగారూ.”

“అదే అడుగుతున్నాను. ఏ కానీ?”

“కానీ అంటే కానీయేనండి. మీరు నేర్పిందే.”

ఆవిడ కలం కింద పెట్టారు. “తప్పుడు మాట అని తేలితే దళపతి పదవి పోతుంది. అది కూడా ఒడంబడికలోనే ఉంది. మీకు తెలియాలని చెప్తున్నాను. బెదిరించడానికి కాదు,” అన్నారు.

“తెలుసండి.”

“సరే. రాసుకుంటాను.”

గాలి వాయవ్యం.

211వ రోజు

గాలి వాయవ్యం. పెట్టె బాగుంది. దళం ఏమీ అడగలేదు. రెండు డ్రమ్ములకు అతుకులు వేశాను.

212వ రోజు

ఇవాళ పొద్దున్న సభ తలుపు తీయకముందే వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను. టీచరుగారు వచ్చాక చెప్పాను. చెప్పింది ఇక్కడ కూడా రాస్తున్నాను, శనివారం అందరూ చదువుతారు కనుక.

209వ రోజు మధ్యాహ్నం పెట్టె మోగింది. మా పోలి కారణం చదివింది. ఒక్క మాట తడబడకుండా చదివింది. దక్షిణం మోకు, పదహారు తెప్పలు, సాయంత్రానికి గాలి పెరుగుతుంది, కట్లు కోయాలి, బయటి బోయకు చేర్చాలి. నాకు ఇవన్నీ ఇప్పుడు తెలుసు, ఎందుకంటే విచారణలో మళ్లీ విన్నాను. ఆ రోజు నేను విన్నది గొంతు మాత్రమే. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు కూడా అలాగే చదివేది. నా కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

కారణం అయిపోయాక నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. నిల్వలో ఉంది, ఎవరైనా వినొచ్చు.

“తిన్నావా అమ్మా?”

 “తిన్నాను మాటదారుగారూ,” అంది.

నన్ను గారూ అంది. నాకు ఇంక ఒళ్లు తెలియలేదు.

అదే పాత దళపతి అయితే అడిగేవాణ్ణి. కట్లు కోసేవాళ్లెందరు, పట్టుకునేవాళ్లెందరు? గాలి ఊరు వైపు ఉందా, బయటికి ఉందా? పదహారూ ఒకేసారి కోస్తారా, ఒక్కొక్కటిగానా? జారితే అందుకునే పడవ ఏది? డ్రమ్ము చూడగానే నీరు ఎక్కడ పడుతుందో చెప్పే మనిషిని నేను. ఏదీ అడగలేదు.

అడగకుండానే, “బాగా చెప్పావమ్మా. సరే, కానీ,” అన్నాను.

ఆ కానీ తర్వాత ఇంకా మాట ఉంది. ‘కానీ వాళ్లలో ముసలివాళ్లు ఉంటారేమో చూడండి’ అనబోయాను. నోట్లో ఉంది. ‘అయితే’ అనాల్సిన చోట ‘కానీ’ అన్నాను. పచ్చదీపం వెలిగింది, పెట్టె మూసుకుపోయింది. మాటదారు మనసు మార్చమని ఎవరూ ఒత్తిడి చేయకుండా, కానీ వినగానే అది మూసుకుంటుంది.

ఇక్కడి వరకూ పొరపాటు. మనిషి నోరు జారింది అంటే జారింది. టీచరుగారు కూడా అదే అన్నారు. నేను రాయాల్సింది దాని తర్వాత సంగతి.

మాట వెనక్కి తీసుకోవడానికి ఒక గంట సమయం ఉంటుంది. సభ దాకా వెళ్లి చెబితే చాలు. మా ఇంటి నుంచి సభకు ఏడు వంతెనలు. నేను లేచాను, చొక్కా కూడా వేసుకున్నాను. గుమ్మంలోకి జనం వచ్చేశారు. “ఎర్రయ్యా, నీ మాట మీద నీ కూతురి పడవలు కదిలాయి, చూడు చూడు,” అన్నారు. చూశాను. ఆరు కోతపడవలు వరసగా, ముందు పడవలో నిలబడి మా పోలి. వెళ్లి ఆపానంటే మొదటి పనిలోనే అందరి ముందూ దాని పడవలను వెనక్కి తిప్పినవాణ్ణి అవుతాను. అంత బాగా నిలబడింది. నేను కూర్చున్నాను. నాచుబిళ్లలు పంచాను.

మర్నాడు టీచరుగారు ఏ కానీ అని అడిగారు. ఆ మాటకు రెండు అర్థాలున్నాయి కదా, ఒకదాని వెనక దాక్కున్నాను. అబద్ధం ఆడలేదు అని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను.

నిన్న మధ్యాహ్నం పోలి ఇంటికి వచ్చింది. వాళ్లమ్మ అన్నం పెట్టింది. నావైపు చూడకుండా తింది.

“పడవలు ఇవ్వలేదంట కదా,” అన్నాను.

“ఇవ్వనేదు.”

“నువ్వు సేయగలిగింది నువ్వు సేసినావమ్మా.”

“నానేటీ అడగను అయ్యా,” అంది. “దళపోళ్లు మాటదారుని మాటకి అర్తం అడగకూడదు. అడిగితే ఇంక రూలెందుకు.” లేచి కంచం కడిగింది. కడుగుతూనే అంది: “ఆ తెప్ప మీద నీళ్ల డ్రమ్ము ఒక్కటే ఉండీది. నాను సూసినాను. ఐదుగురికి రెండు రోజులు.”

అది వెళ్లిపోయాక దాలమ్మ నన్ను చూసింది. నలభై ఆరేళ్లలో నన్ను అలా చూడలేదు.

“దానికి తెలుసు,” అంది. “నీ కానీ ఏ కానీయో పుట్టినకాణ్ణుంచీ ఇంటన్నాది. నువ్వు సరే కానీ అన్నావంటే ఇంకో అరగంట వాగుతావని ఈ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.”

అప్పుడే వెళ్లాల్సింది. సభ తెరిచే ఉంది. పొద్దున్న వెళ్దామనుకున్నాను. పుస్తకంలో రెండు డ్రమ్ములకు అతుకులు వేశాను అని రాశాను. వేయలేదు కూడా.

ఇవాళ చెప్పాక టీచరుగారు పెట్టె నా మెడలోంచి తీశారు. చీటీలో నా తర్వాతి పేరు ఉప్పు ఎండబెట్టే ఒక ఆవిడది. ఆవిడను పిలిపించారు. వెతకడానికి పడవలు పంపే కారణం దళంలో ఇంకొకరు చదివారు. ఆవిడ ముప్పావు గంట ప్రశ్నలు అడిగి కానీ అంది. పడవలు వెళ్లాయి. ముందు పడవలో పోలి లేదు. దాన్ని రేవులో నిలబెట్టేశారు.

పుస్తకం మాత్రం విచారణ ముగిసేదాకా నన్నే రాయమన్నారు.

213వ రోజు

మధ్యాహ్నానికి దొరికారు. ముగ్గురు బతికున్నారు. ఇద్దరు లేరు.

215వ రోజు

బతికినవాళ్లను ఉంచిన వైద్యం తెప్ప దగ్గరికి వెళ్లాను. గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. దాలమ్మ వెనక నుంచి తోసింది.

ఆవిడ పేరు గౌరమ్మ. ముప్పై ఏళ్లుంటాయి. పెదవులు పగిలి నల్లగా ఉన్నాయి. ఆవిడ ఇద్దరు పిల్లలు గోడవైపు తిరిగి పడుకున్నారు. పోయింది ఆవిడ మామ సన్నాసయ్య, ఆడపడుచు ముత్యాలు.

“నువ్వేనా ఆ మాటన్నోడివి?”

“నానే తల్లీ.”

“ఏటన్నావు?”

“కానీ అన్నాను.”

“తర్వాత?”

“తర్వాత పెట్టె మూసుకుపోయింది.”

ఆవిడకు అర్థం కాలేదు. మంచం మీద కొంచెం లేచి కూర్చుంది. “మా ఇసకపేటలో ఎవరైనా కానీ అంటే ఇంకా మాటుందని ఆగుతాం. ఆళ్లు ఆగనేదేటి?”

“ఆగనేదు తల్లీ. నానూ ఆపనేదు.”

“ఆపీ దారి లేదా?”

 దాలమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది, లేదంటే ఆ గదిలో మళ్లీ డ్రమ్ముల గురించి మాట్లాడేవాణ్ణి.

“గంట సేపు ఉంది,” అన్నాను. “ఆ తర్వాత కూడా మూడు రోజులు ఉంది.”

ఆవిడ తిట్టలేదు. తర్వాత లెక్క చెప్పింది. నీళ్లు రెండో రోజు సాయంత్రానికి అయిపోయాయి. మామ ముందు రోజు నుంచే తన వంతు తాగకుండా పిల్లలకు వదిలేశాడు. ఆయన మూడో రోజు పొద్దు గుంకేటప్పుడు పోయాడు. ముత్యాలు మర్నాడు ఎండెక్కాక. పడవలు ఆ మర్నాడు మధ్యాహ్నం వచ్చాయి.

నేను ఇంటికి వచ్చి పుస్తకం ముందు పెట్టుకుని చూశాను. సన్నాసయ్య పోయింది 211వ రోజు. గాలి వాయవ్యం, పెట్టె బాగుంది, రెండు డ్రమ్ములకు అతుకులు వేశాను.

నేను ఆ గంటలో ఏడు వంతెనలు దాటి ఉంటే కట్లు కోసేవాళ్లే కారు. విచారణలో చెప్పి ఉంటే పడవలు 211 మధ్యాహ్నానికి అందుకునేవి. ఇద్దరూ ఉండేవాళ్లు. పోలి వచ్చిన మధ్యాహ్నం, అది కంచం కడిగి వెళ్లగానే వెళ్లి ఉంటే ముత్యాలైనా ఉండేదేమో. టీచరుగారు ఈ లెక్క వేయవద్దన్నారు. నాకు వచ్చింది ఐదో తరగతి లెక్కలే, అవి ఆగడం లేదు.

216వ రోజు

సభ నిండిపోయింది. వసారాలో కూడా నిలబడ్డారు.

నా సంగతి ముందు అయింది. నేను ఇక ఏ చీటీలోనూ ఉండను. అది శిక్ష కాదన్నారు, నాకు మాత్రం అదే పెద్దది. ఏడాదిపాటు బయటి బోయ దగ్గర ఇసకపేటవాళ్ల తెప్పల డ్రమ్ములు బాగుచేయాలి. నోరు జారినందుకు కాదని, మూడు రోజుల్లో దిగనందుకని, జారిన మాట వెనక దాక్కున్నందుకని రాసుకున్నారు. సంతకం పెట్టాను.

తర్వాత పోలిని పిలిచారు. తప్పుడు మాట గనక పదవి ఎలాగూ పోయింది. దానిమీద తప్పేమీ లేదు, దీపం పచ్చగా వెలిగింది గనక కదిలింది, కావాలంటే రెండేళ్ల తర్వాత మళ్లీ దళంలో చేరవచ్చు అని ఒక సభ్యుడు అన్నాడు. జనం కూడా అవునన్నారు. నేను వెనక వరసలో నిలబడి ఉన్నాను. సరేనని వచ్చేస్తే చాలు అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అప్పుడు కూడా అదే అనుకున్నాను.

పోలి రాలేదు. “నాకు తప్పుంది,” అంది.

సభ్యుడు కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

“దీపం పచ్చగా వెలిగింది నిజమే. కానీ ఆ గొంతు నాకు తెలుసు. మా అయ్య ఇంకా ఏదో సెప్తాడని తెలుసు. మాటకి అర్తం అడగకూడదు గానీ, పడవలు కదలకముందు ఇంకోపాలి పెట్టె తెరిచి, మీ మాట పూర్తయిందా అని అడగొచ్చు. దళపతికి ఆ హక్కుంది. నాను అడగనేదు. ఎందుకంటే దీపం నాకు కావలసిన జవాబు సెప్పింది. ఆయుధం నా సేతిలో ఉన్నప్పుడు నాకు కావలసిన జవాబు దొరికితే, అప్పుడే కదా ఆగి అడగాల. అడగనోళ్లకి ఈ పని ఇవ్వకండి. రెండేళ్ల తర్వాత కూడా నాకు ఇవ్వకండి.”

దళం చొక్కా మడత పెట్టి బల్ల మీద పెట్టింది. మడత సరిగ్గా వచ్చింది.  వరహాలమ్మ టీచరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయారు.

బయటికి వచ్చాక దాలమ్మ దాని చెయ్యి పట్టుకుంది. “తిన్నావేటి?” అని నేను అడగలేదు. అడగబోయి ఆగాను. అదే అంది: “ఆకలేస్తంది అయ్యా. ఇంటికి పోదాం.”

ఏడు వంతెనలు ముగ్గురం నడిచాం. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా రాస్తున్నాను, ఇది నా ఆఖరి పేజీ గనక. నాకు దాని పడవలను చూసిన రోజు కంటే ఇవాళ సంతోషంగా ఉంది. ఇద్దరు పోయాక ఇలా సంతోషించే హక్కు నాకు లేదు. అది కూడా తెలిసే రాస్తున్నాను.

మనవాళ్లకు రేపటి నుంచి నేనే వెళ్లి చెప్పాలి. పడవ కబురు పంపకూడదు. దళపతి అయిందన్న కబురు అందరికీ పంపాను, అందరూ పండగ చేసుకుంటున్నారు. చెప్పాల్సినవాళ్లు:

మా పెద్దప్ప నరసాయమ్మ. ఉత్తరం వరసలో ఉంటుంది. చెవి వినబడదు, గట్టిగా చెప్పాలి, పక్కవాళ్లంతా వింటారు. విననీ.

మా బావ కొండయ్య. దళంలో తన కొడుక్కి చోటు ఇప్పించమని అడగడానికి ఎండుచేపలు పంపాడు. చేపలు తిరిగి ఇచ్చేయాలి. సగం తినేశాం.

వియ్యపురాలు బంగారమ్మగారు. ఆవిడ ముందే అంది, ఇంత పొంగిపోకండి అన్నయ్యగారూ అని. ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

తోడల్లుడు తవిటయ్య. నవ్వుతాడు. నవ్వనివ్వాలి.

మేనకోడలు సరస్వతి, దాని మొగుడు.

మనవరాలు చిట్టి. ఆరేళ్లు. తాత తప్పు చేశాడు, అమ్మ తప్పు చేసింది, అని చెప్పి అక్కడ ఆపాలి. దాని తర్వాత ఏదీ కలపకూడదు.

ఇసకపేటవాళ్లు చెదిరిపోయారు. వాళ్లవాళ్లకు ఇంకా కబురే తెలియదు. గౌరమ్మను అడిగి పేర్లు రాసుకున్నాను. డ్రమ్ముల పని మీద తిరిగేటప్పుడు ఒక్కొక్క ఊరూ వెతకాలి.

సన్నాసయ్య పెద్దకొడుకు అప్పన్న. గౌరమ్మ భర్త. ఊరు విరిగేటప్పుడు వేరే తెప్ప మీద ఉన్నాడు. తూర్పుకు కొట్టుకుపోయాడని విన్నారు.

సన్నాసయ్య తమ్ముడు రాములు. కాలు లేదు, తొందరగా గుర్తుపట్టొచ్చు.

ముత్యాలు అత్తవారు, పేర్లు తెలియవు, ఉప్పుమెట్ట అనే ఊరు.

ముత్యాలుకు నిశ్చయమైన పెళ్లికొడుకు కాదు, మొగుడే అని గౌరమ్మ సరిచేసింది. పెళ్లయి రెండు నెలలు. పేరు జోగారావు. వలలు అల్లుతాడు.